తీగ వదిలిన పాట

ఆ మంగళవారం మా ఇంట్లో నలుగురం ఉన్నాం. నాన్న హోబర్ట్, షికాగో నుంచి వచ్చి నాన్నతో కలిసి రికార్డు కంపెనీ నడిపే ఇర్విన్ గారు, మేనత్త ఓసీ, నేను. చనిపోయి ఆరు వారాలైన అత్త భర్త బర్ల్ మామయ్యని కూడా కలుపుకుంటే ఐదుగురం. ఆయన గొంతు ఆ ఉదయమే పోస్టులో వచ్చింది.

కంపెనీ అంటే మా వంటింటి బల్లే. ఈ కెంటకీ కొండల పాటలు పెద్ద కంపెనీలకు అక్కర్లేదు. నాన్న వాటిని టేపుకెక్కిస్తాడు, ఇర్విన్ గారు అట్ట మీద నాలుగు మాటలు రాస్తారు, నేను అట్టలకు జిగురు పూస్తాను. ఇది మా నాలుగో రికార్డు. ఫ్యాక్టరీ ముందు ఒక్క నమూనా పంపుతుంది. బాగుందని నాలుగింటిలోగా ఫోన్ చేస్తే ఐదువందలు అచ్చవుతాయి.

నాన్న నమూనా మీద గ్రామఫోన్ ముల్లు ఆనించాడు. మామయ్య వాయించే బాంజో మోగగానే నా చేతిలో కుంచె ఆగిపోయింది. పాట ఉరుకుతోంది. మామయ్యది తడిసిన గోనెసంచి లాంటి బరువైన గొంతు. ఇదెవరో పాతికేళ్ళవాడిది.

“అదిగో, నన్ను పెళ్ళాడతానని వెంటపడ్డప్పటి గొంతు!” అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ. “ఏం షికాగో బాబూ, అట్ట మీద ముసలి గాయకుడని రాశావంటగా? కొట్టెయ్.”

“కొట్టేస్తానమ్మా. మీ మొక్కజొన్న రొట్టె తిని మీ మాట కాదంటానా?”

ఎందుకలా ఉరుకుతోందో నాకొక్కదానికే తెలుసు. మామయ్య ఇంటికి కరెంటు లేదు. వేసవిలో జనరేటర్ పట్టుకెళ్ళి, చప్పుడు టేపులో పడకుండా దూరంగా వాగు పక్కన పెట్టాం. ఇంజను వేగం నిలిపే తీగ ఒకటి దానికి వదులు. నేను లాగి పట్టుకోకపోతే ఇంజను మందగిస్తుంది, టేపు తిరగడమూ మందగిస్తుంది. అలా నెమ్మదిగా ఎక్కిన పాట మామూలు యంత్రం మీద పరుగెడుతుంది. “తీగ వదలకు తల్లీ” అని నాన్న మరీ మరీ చెప్పాడు. కానీ ఈ పాటంటే నాకిష్టం. వదిలేసి, కిటికీ కింద కూర్చుని విన్నాను.

“లీటా, నీవి పాముచెవులు కదే. ఎలా ఉంది?” అన్నాడు నాన్న.

“బాగుంది నాన్నా.”

గడియారం మూడూ నలభై చూపిస్తోంది. మళ్ళీ పాడించడానికి మామయ్య లేడు. టేపు మాత్రం ఉంది. దాని వేగం తగ్గించి కొత్తగా రికార్డు చేయించవచ్చు, నేను ఇప్పుడు నోరు విప్పితే. అత్త కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. నాన్న ఫోన్ నంబరు తిప్పడం మొదలుపెట్టాడు.

చెప్పలేకపోయాను. లేచి ముందుగదిలోకి వెళ్ళి, కాళ్ళతో తొక్కే హార్మోనియం ముందు కూర్చున్నాను. రికార్డింగు రోజు పొద్దున మామయ్య మా ఇంటికొచ్చి బాంజో శ్రుతి చేసుకుంది దీని మీదే, అంచు విరిగిన మెట్టు నొక్కి. నేనూ అదే నొక్కి పట్టుకున్నాను. వంటింట్లో రికార్డు మీద మోగుతున్న బాంజోకీ దానికీ పొసగలేదు. రెండూ కీచులాడుకున్నాయి.

నాన్న ఫోన్ పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు.

“తీగ వదిలేశావా?”

తలూపాను.

“ఎంతసేపు?”

“పాటంతా.”

నాన్న తిట్టలేదు. దానికే నాకు భయమేసింది. “అచ్చు ఆపండి, టేపు సరిచేసి పంపుతాం” అని ఫోన్‌లో చెప్పి పెట్టేశాడు.

అత్త లేచింది. “అంటే ఇది ఆయన కాదా?”

“ఆయనేనక్కా, కాస్త వేగం...” నాన్న నసిగాడు.

“నలభై ఏళ్ళు పక్కన పడుకున్నదాన్ని. ఆఖరి మూడేళ్ళూ ఆ గొంతులో దగ్గే విన్నాను.” గ్రామఫోన్ పెట్టెని నమూనాతో సహా చంకనెత్తుకుంది. “మీ ఐదువందలూ మీ ఇష్టం. ఇది నాది.”

పడకగది దాకా వెంటపడ్డాను. “అత్తా, నేను కావాలని...”

“ఎరుగుదునే. నిజం చెప్పి మంచిపనే చేశావు,” అంది నా వైపు చూడకుండా. “ఇప్పుడు మాత్రం నీ మొహం చూపించకు.”

తలుపు వేసేసుకుంది.