ఎర్రగా ఉన్నప్పుడే

"నీ చేతులు అగ్గిపుల్ల కంపు కొడుతున్నాయే అమ్మాయ్," అంది మహబూబా, ఉల్లిపాయల బుట్ట కోడలి ముందుకు తోస్తూ. "పండగ చర్మూలాలోకి ఎక్కుతుంది, చూసుకో."

దొర్సాఫ్ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. నిజమే. సబ్బుతో రుద్దినా నిమ్మచెక్కతో రుద్దినా గంధకం వాసన గోళ్ల సందుల్లో కాపురముంటుంది. యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరిన నాటి నుంచీ అంతే. పెళ్లైన కొత్తల్లో భర్త నౌఫెల్ ఆ వేళ్లు పట్టుకుని, "రసాయనాలవాడి ఇంటికి రసాయనాలమ్మాయి వచ్చింది," అని నవ్వేవాడు. అదే విభాగంలో పాఠాలు చెప్తాడతను. ఈమధ్య ఆ నవ్వు లేదు. నిన్న ఇంటికొచ్చి, "మీ ల్యాబ్ మాష్టారు నిన్ను తెగ మెచ్చుకున్నాడు తెలుసా, గాజుసామాను నీ భార్య కడిగినంత శుభ్రంగా ఇంకెవరూ కడగరన్నాడు," అని మురిసిపోతూ చెప్పాడు. పదేళ్ల చదువుకి దక్కిన బిరుదు.

రంజాను ఆఖరి రోజులు. స్ఫాక్స్ ఊరంతా ఒకటే వాసన. ఏ కిటికీ కింద నడిచినా ఉల్లిపాయలు ఆలివ్ నూనెలో మగ్గుతుంటాయి. వాటిలో ఎండుద్రాక్ష రసం పోసి, సన్నసెగ మీద, చేయి తీయకుండా కలుపుతూ పోవాలి. ముందు ఎర్రబడుతుంది. ఆ తర్వాత గంటల తరబడి నల్లబడుతుంది. పండగ పొద్దున ఉప్పుచేపతో ఆ చర్మూలా తినకపోతే ఈ ఊళ్లో పండగ జరిగినట్టు కాదు. కలిపేది ఆడవాళ్లు, అదీ ఉపవాసంతో, చుక్క నాలిక మీద పెట్టుకోకుండా.

తరుగుతోందే గాని దొర్సాఫ్ ప్రాణమంతా ల్యాబ్‌లో, మంచు డబ్బాలో కూర్చున్న చిన్న గాజు బీకరు దగ్గరుంది.

సల్ఫైట్ అంటే ఒక గంధకం, దాన్నంటుకుని మూడు ఆక్సిజన్లు. లోహాన్ని పట్టుకోవడానికి దానికి రెండు దారులు. ఆక్సిజన్ చెయ్యి చాపి అందుకోవచ్చు, లేదా గంధకంతోనే నేరుగా కావలించుకోవచ్చు. తను చేసే కోబాల్టు లవణంలో మొదట చెయ్యే చాపుతుంది. అప్పుడు నీళ్లు ఎర్రగా మెరుస్తాయి. కాస్త వెచ్చదనం తగిలితే చాలు, నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు తిరిగి గంధకంతో పట్టేసుకుంటుంది. రంగు తేనెలా ముదురుతుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే, లోహానికి అవతల సరిగ్గా ఎదురుగా కూర్చున్నదాని పట్టు సడలిపోతుంది. అందులో ఆ ఎదురుదాని తప్పేమీ లేదు. తన విషయంలోనూ అదే జరిగిందనుకుంటుంది దొర్సాఫ్. ఇల్లు ఈ పక్కన పట్టు బిగించిన కొద్దీ, ఆ పక్కనున్న తన పని తనకే తెలియకుండా వదులవుతూ వచ్చింది.

ఎర్రగా ఉన్నదాన్ని ఆ ల్యాబ్‌లో ఎవరూ ఉంచరు. ల్యాబ్ నడిపే బెషీర్ మాష్టారు స్ఫాక్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం చెప్తాడు: "ఇదీ చర్మూలా లాంటిదే. ఎర్రగా ఉందంటే పచ్చిదని అర్థం. ముదిరేదాకా ఆగండి, ఆగలేకపోతే పారబోయండి." పిల్లలు నవ్వుతారు, ఎర్రదాన్ని తొట్టిలో వంపేస్తారు. తనూ ఎన్నిసార్లు వంపిందో. ఈ ఏడే తట్టింది, అది పచ్చిది కాదు, అదొక వేరే వస్తువు అని. ముదరకముందే స్ఫటికంగా పట్టుకుంటే ఆ సంగతి లోకానికి చూపించవచ్చు. ఈ పొద్దున మంచులో పెట్టిన బీకరు అడుగున ఎర్రటి నలుసులు కనబడ్డాయి. మాష్టారు తొంగి చూసి, "అది పారబోసి ఇంటికెళ్లమ్మా, పండగ పనులుంటాయి," అన్నాడు. పారబోయలేక అలాగే మంచులో ఉంచి వచ్చేసింది. సాయంత్రం భవనానికి తాళాలేస్తారు, కరెంటు తీసేస్తారు. మంచు కరిగితే నలుసులూ కరుగుతాయి. పండగ తర్వాత తలుపు తీస్తే ఉండేది తేనెరంగు నీళ్లే.

ఉల్లిపాయలు మగ్గి, ద్రాక్షరసం పడి, గిన్నె ఎర్రబడింది. దొర్సాఫ్ గరిటె ఆపింది.

"అత్తమ్మా, నేను ల్యాబ్‌కి వెళ్లొస్తాను."

కుర్చీలో కునుకుతున్న నౌఫెల్ కళ్లు తెరిచాడు. "ఇప్పుడా? పొయ్యి మీద గిన్నె పెట్టుకునా? పండగయ్యాక వెళ్లు. నీ రసాయనాలు ఎక్కడికీ పారిపోవులే."

"పారిపోవు. మారిపోతాయి."

"ఆ ఎర్రదేనా? మాష్టారు పారబోయమన్నాడుగా."

"అన్నాడు."

"అమ్మకి మోకాళ్లు పనిచేయవు. ఎవరు కలుపుతారు మరి?"

దొర్సాఫ్ గరిటె తుడిచి అతని చేతిలో పెట్టింది. ఆ పని ఇంత తేలికని ఆమెకే తెలియదు.

"నేనా?" అన్నాడు నౌఫెల్, గరిటెకేసి పామును చూసినట్టు చూస్తూ. "ఉపవాసంలో రుచి చూడకుండా నాకెలా తెలుస్తుంది?"

"మేం మాత్రం నోట్లో పెట్టుకునే చేస్తున్నామా?" అని నవ్వేసింది మహబూబా. "కలుపు నాయనా. అడుగంటితే నీ పేరే చెప్తాలే, వంశంలో మొదటివాడివని."

గుమ్మం దాకా వచ్చి కోడలి చెయ్యి పట్టుకుందామె. "ఆ ఎర్రది చూడ్డానికి బావుంటుందా?"

"దానిమ్మ గింజల్లా ఉంటుందత్తమ్మా."

మహబూబా పొయ్యి వైపు ఓసారి తిరిగి చూసింది. "నాకూ చర్మూలా ఎర్రగా ఉన్నప్పుడే ఇష్టం. పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉంటుంది. మా అమ్మ నా కోసం తీసి దాచేది. ఇక్కడికొచ్చాక మీ మావగారు నల్లగా కావాలన్నాడు. ఆయన పోయాడు, నేను ఇంకా నల్లగానే చేస్తున్నా." వెంటనే చేయి వదిలేసి, "వెళ్లు, కరిగిపోతాయన్నావుగా," అంది.

ల్యాబ్‌లో ఒక్కతే. కాపలావాడు తాళాల గుత్తి ఆడిస్తూ, "త్వరగా అమ్మగారూ," అని రెండుసార్లు కేకేశాడు. డబ్బాలో మంచు సగం నీళ్లైంది. దొర్సాఫ్ ఊపిరి బిగబట్టి వడగట్టింది. చల్లటి స్పిరిట్‌తో కడిగింది, ఊళ్లో ఇంకెవరూ కడగనంత శుభ్రంగా. వడకాగితం మీద చిట్టిచిట్టి గింజలు, నెత్తుటి ఎరుపు. సీసాలో పోసి బిరడా బిగించి, మంచు నింపిన ఫ్లాస్కులో పెట్టి, స్ఫటికం లోపల ఏది దేన్ని పట్టుకుందో తేల్చే రాజధాని ల్యాబ్‌కి పొద్దున్నే మిత్రురాలితో పంపే ఏర్పాటు ఫోన్లో చేసుకుంది. సీసా మీద అంటించిన కాగితంపై ఒక్క పేరే రాసింది, దొర్సాఫ్.

ఇంటికొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. నౌఫెల్ చొక్కా చేతులు మడిచి పొయ్యి ముందే ఉన్నాడు. ముంజేతి మీద నూనె చిట్లిన మచ్చలు. "ఇది మీరు ఏటా చేస్తారా?" అన్నాడు నీరసంగా. వెక్కిరింత కాదు. అడుగుతున్నాడు.

మసీదు నుంచి బాంగు వినబడింది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాక మహబూబా పళ్లెం బోర్లించిన చిన్న గిన్నె ముందుకు జరిపింది. లోపల చర్మూలా ఎర్రగా ఉంది.

"వాడు చూడకుండా తీశా," అంది గుసగుసగా. ఇద్దరూ ఒకే గిన్నెలో రొట్టె ముంచుకున్నారు. దొర్సాఫ్ ల్యాబ్‌లో తీసిన గింజల ఫొటో ఫోన్లో చూశాక ముసలామె కోడలి వేళ్లు వాసన చూసి, "అలవాటైపోతుందిలే," అంది.

అప్పుడే నౌఫెల్ ఫోను మోగింది. తీసి చూశాడు. "మాష్టారు. ఆ ఎర్రది పారబోశావో లేదోనని చేసుంటాడు. ఏదోటి నేను సర్దిచెప్తాలే."

"వద్దు," అంది దొర్సాఫ్, రొట్టె ముక్క కింద పెట్టి చెయ్యి చాపుతూ. "అది నేను చెప్తాను."