అమ్మ ఉన్న రీలు

గంజి వార్చి వచ్చి, మైలవరం పెళ్ళికూతురి బుగ్గ మీది మొటిమ చెరుపుతూ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫొటోలు తీసేది మా ఆయన కిషోర్ బాబు. రంగులు దిద్దేది, ఆల్బమ్ కూర్చేది నేను. స్టూడియో బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది. "ఇంట్లో కూర్చుని చేసేదేగా, అదీ ఓ పనేనా?" అంటారు మా అత్తగారు.

నాదంటూ ఉన్నది నాన్న ఇచ్చిపోయిన మడత కెమెరా. మూస్తే ప్రార్థన పుస్తకమంత. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, నల్లటి తోలు మడతలు విప్పుకుంటూ లెన్సు బయటికొస్తుంది. రీలుకి పన్నెండే ఫొటోలు. మనిషి ఎంత దూరాన ఉందో కంటితోనే అంచనా కట్టుకోవాలి. ఊపిరి బిగబట్టి అలా చూసినంతసేపూ నన్నెవరూ కాఫీ అడగరు.

మామిడి కోతలప్పుడు అమ్మని తోటలో తీశాను. "నా మొహం ఎందుకే, కాయల్ని తియ్యి" అంటూనే కొంగు సర్దుకుంది. ఒక్క ఫొటో మిగిలిందని రీలు కడిగించలేదు. నెల తిరక్కుండా అమ్మ పోయింది. ఆ మిగిలిన ఒక్కటీ తీయడానికి నాకు చేతులు రాలేదు.

"జెరూషా, ఇది భలే ఉందే! రేపు తోటలో తీసే ఫొటోల్లో పెళ్ళికూతురి చేతికిద్దాం" అంటూ ఆయన కెమెరాతో వచ్చారు. "లోపలేదో పాత రీలుంటే లాగేశాను."

ఆయన చేతిలోంచి ఫిల్ము ఎండలోకి రిబ్బన్లా వేలాడుతోంది. కడగని ఫిల్ముకి వెలుగు తగిలితే ఇక బొమ్మ మిగలదు.

"అందులో అమ్మ ఉందండీ."

"అయ్యో, ముందే చెప్పొద్దూ? పోన్లే, మన పెళ్ళి ఆల్బమ్‌లో ఉంటుందిగా."

ఆల్బమ్ ఆసాంతం తిరగేశాను. అమ్మ లేదు. ఆ రోజంతా పొయ్యి దగ్గరే ఉంది. ఫిల్ము ఒళ్ళో వేసుకుని నేల మీద కూలబడ్డాను. తలుచుకుంటే అమ్మ చేతులే గుర్తొస్తున్నాయి, మొహం రావడం లేదు. ఎంత గింజుకున్నా రావడం లేదు.

"ఏడుపు తర్వాత. సాయంత్రానికి ఆల్బమ్ పంపాలి" అన్నారాయన.

చింతలపూడి స్టూడియో సలోమోను గారు పోయిన నెల నన్ను పనికి పిలిచారు. "మా ఆవిడ ఇల్లు దాటదు" అని ఈయనే జవాబిచ్చారు. ఫోన్ తీసి, ఆయన ఎదుటే సలోమోను గారికి చేశాను.

"సోమవారం నుంచి పనికొస్తానండీ."

"సంతోషం అమ్మా. మీ ఆయన ఒప్పుకున్నారా?"

"అడగలేదండీ" అన్నాను. "ఇప్పుడే విన్నారు."