ఇంట పలుకని పేరు

రాత్రియెల్ల నెడతెగక కురిసిన వాన తెల్లవారుజామున కొంత తెరపి యిచ్చి కొబ్బరిమట్టల కొసలనుండి బొట్లు బొట్లుగా జారుచు రేకుల కప్పులపై తాళము వేయుచుండ, సముద్రమునుండి వీచు చలిగాలి పనివారి యిండ్లవరుసలలో చొరబడి దీపముల నల్లలాడించుచుండ, కాలువగట్టున కప్పలు గొంతులు చించుకొనుచుండ, మలయదేశమున పేరా నదీముఖమునకు చేరువనున్న కొబ్బరితోటలో నొక చిన్న యింట కోడ లొకతె సంచి సర్దుకొనుచుండెను. గడపప్రక్క పీటపై కూర్చుండి యత్తగారు చూచుచుండెను. సంచిలోనికి పోవు నొక్కొక్క చీరను ఆ వృద్ధురాలు లెక్కపెట్టుచుండెను.

పరదేశీయుల యనుమతులు చూచు పట్టణములోని కార్యాలయమునకు పోయి సాయంకాలమునకు మరలివచ్చు ప్రయాణమునకు సంచితో పనిలేదు. అయినను కోడలు తనకున్న చీరలన్నిటిని పుట్టినింటివారిచ్చిన యిత్తడిచెంబును కుంకుమబరిణెను కప్పుకొను దుప్పటిని అదిమి యదిమి కూరుచుండెను.

"ఒలే కొత్తమ్మా, సంతకెల్లినట్టు ఎల్లి సాయంత్రానికి ఒచ్చేత్తాం గదే. ఆ సెంబెందుకే? ఆ ఆపీసులో నీల్లుండవనుకున్నావేటి?"

"నీకు తెల్దత్తా. పైలైను ఇల్లల్లో ఉండే సింగారమ్మ సెప్పింది. మరో తోటలో ఎవులో ఒక కోడల్ని ఆపీసునుంచి అట్నుంచటే ఇమానమెక్కించీసినారంట. ఇంటికెల్లి బట్టలు తెచ్చుకుంతానన్నా ఇన్లేదంట."

"సింగారమ్మ నోట్లో నా సీపురు! అది ఇమానమెప్పుడు సూసింది? పైన రొద ఇనబడితే మంచం కిందకి దూరిపోయే మనిషి."

కోడలు నవ్వెను. పరిహాసమాడిన యత్తగారును నవ్వెను. చెంబును మాత్రము కోడలు సంచినుండి తీయలేదు.

ఆ కోడలు మూడేండ్లక్రిందట విజయనగరప్రాంతమునుండి పెండ్లాడి వచ్చినది. భర్తయైన యెర్రునాయుడు తెలుగువారి బిడ్డయైనను ఈ దేశముననే పుట్టి యిచ్చటి పౌరుడై తోటలో లారీ నడపుకొని జీవించువాడు. భార్య పరదేశపు మనిషి గావున నేటేట కార్యాలయపు మెట్లెక్కి యామె యుండుటకు గడువు పొడిగించుకొనవలసివచ్చెడిది. ఏటేట నా దినములు సమీపించినప్పు డింట నెవ్వరికిని ముద్ద దిగెడిది కాదు. ఈసారి భార్యగా నామెకు శాశ్వతనివాసపు హక్కు కోరి దరఖాస్తు పెట్టిరి. దానికై భార్యాభర్తల వేరువేరుగా ప్రశ్నింతురనియు మాటకు మాట కలియనిచో నది యుత్తుత్తి పెండ్లి యని తలచి కోడలిని స్వదేశమునకు పంపివేయుదురనియు వినినది మొదలు వారి కదియే జపమయ్యెను.

అత్తగారే కోడలికి పాఠము చెప్పెను. పెండ్లి యెచ్చట జరిగినది, మగడు కాఫీ త్రాగునా తేనీరు త్రాగునా, మంచము తలాపి యే దిక్కున కున్నది యను వానినన్నిటిని వల్లెవేయించెను. కోడలన్నియు చెప్పెను గాని మగని పేరొక్కటి చెప్పలేకపోయెను.

"సెప్పవే, నీ మొగుడి పేరేటి?"

"సిగ్గత్తా."

"సిగ్గట్టుకుని కూకుంటే మొగుడు దక్కడు. సెప్పు."

"ఎ... ఎర్రు..."

"గట్టిగా! ఆ ఆపీసరమ్మకి సెవుడుంటే ఏటి సేత్తావు?"

కోడలు కండ్లు మూసికొని యెర్రునాయుడని యరచెను. అరుగుపై కూర్చుండి చెప్పుల బురద గీకుకొనుచున్న మగడు "ఆఁ, ఏటి?" యని పలికెను. ఆ నాడు ముగ్గురును కడుపుబ్బ నవ్వుకొనిరి. భార్య భర్తపేరు పలుకగలదా యని వారు భయపడిరే గాని భర్త భార్యపేరు పలుకవలసివచ్చునని వారిలో నొక్కరికిని తోచలేదు.

ఏలయన కోడలి నిజమైన పేరు పైడితల్లి. అత్తగారి పేరును పైడితల్లియే. విజయనగరపు గ్రామదేవత పేరు నింటింట నాడుబిడ్డకు పెట్టుకొను ప్రాంతమువారు గావున నం దాశ్చర్యములేదు. కాని యా పేరా యింట పలుకరాని పేరై యుండెను.

ఎర్రునాయుడు చంకబిడ్డగా నున్న కాలమున నతని తండ్రి సింహాద్రి, తన పుట్టుకకు రుజువు చూపినగాని యీ దేశమున నిలువనీయరని చెప్పగా విని, దానిని తెచ్చుకొనుటకై స్వగ్రామమునకు పయనమయ్యెను. ఓడరేవున సంచి భుజమున వేసికొని ఓడవంతెన యెక్కుచు వెనుదిరిగి "పైడితల్లీ! ఇల్లొదిలి ఎక్కడికీ ఎల్లకు. నేనొచ్చేసరికి ఇంట్లో పైడితల్లుండాల. నెల్లో ఒచ్చేత్తాను" అని కేకవేసెను. జాబులు పోయెను గాని మారుజాబు రాలేదు. పోయివచ్చినవారి నడిగిన నెవ్వరికిని జాడ తెలియలేదు. ఆమె యిల్లు విడువలేదు. తన పేరుపెట్టి మరియెవ్వరును పిలువగూడదనియు నా పిలుపతని నోటనే మరల వినవలెననియు నామె పట్టుపట్టెను. ఎర్రునాయుడు పసితనమున నాటలో నొకసారి తల్లిని పేరుపెట్టి పిలువగా నామె కొట్టలేదు, తిట్టలేదు, ఆ పూట యన్నము మాని గోడవైపు తిరిగి యేడ్చెను. బాలుడది మరువలేదు. ఆ నాటినుండి యతని నోట నా పేరు వెడలలేదు. పిదప సంబంధము కుదిరిన పిల్ల పేరు విని యామె యులికిపడెను గాని పిల్ల మొగము చూచి కాదనలేక గడపలోనే పేరు మార్చి కొత్తమ్మ యని పిలిచి లోనికి కొనిపోయెను. మగడును కొత్తమ్మ యనియే పిలిచెను.

పట్టణపు కార్యాలయమున జనసమ్మర్ద మధికముగా నుండెను. సంచిని కాళ్లనడుమ పెట్టుకొని యత్తగారు బల్లపై కూర్చుండెను. కోడలిని ముందుగా లోనికి పిలిచిరి. అద్దపుతలుపు వెనుక నధికారిణి యడుగుటయు తెలుగెరిగిన దుబాసి యొకడు తర్జుమాచేయుటయు కోడలు తలయెత్తి యుత్తరమిచ్చుటయు వృద్ధురాలు చూచుచు చెంగుకొస మునిపంట నొక్కుకొని కూర్చుండెను. కోడలు వెలుపలికి వచ్చి "సెప్పీసానత్తా, పేరు గూడా సెప్పీసాను" అని చెవిలో చెప్పెను.

తరువాత నెర్రునాయుని పిలిచిరి. తలుపు సగము తెరచియే యుండుటవలన మాటలు వినవచ్చుచుండెను. మలయభాష యత్తగారికి చక్కగా తెలియును.

"నీ భార్య పేరేమి?" అని యధికారిణి యడిగెను.

"కొత్తమ్మ యండి."

అధికారిణి కాగితములు త్రిప్పెను. "ఇం దా పేరు లేదు. సరిగా చెప్పుము."

"ఇంట్లో అట్లే పిలుతుమండి."

"ఇంట పిలుచు పేరు నే నడుగలేదు. నీవు పెండ్లాడిన స్త్రీ పేరేమి?"

ఎర్రునాయుని పెదవు లాడెను, మాట వెడలలేదు. అధికారిణి కోడలిని మరల లోనికి పిలిపించి యామెను చూపి "ఈమె యెవరు? పేరు చెప్పుము" అని గద్దించెను. అతడు భార్యను చూచెను, తలుపువైపు చూచెను, తలవంచుకొనెను.

"భర్తపేరు చెప్పుటకు సిగ్గుపడు స్త్రీలను చూచితిని గాని భార్యపేరెరుగని భర్తను నేడే చూచుచున్నాను" అని యధికారిణి కాగితములు మూసి ప్రక్కకు నెట్టెను. ఏమి జరుగుచున్నదో తెలియని కోడలు వెలవెలబోయి వెలుపల నత్తగారి కాళ్లనడుమ నున్న సంచిని చూచెను. ఆ చూపు వృద్ధురాలి గుండెలో గుచ్చుకొనెను. సంచి భుజమున వేసికొని వంతెనమీద వెనుదిరిగిన మొగమొక టామె కండ్లయెదుట నిలిచెను. తా నెన్నియో యేండ్లు దాచుకొనిన పిలుపే యిప్పుడు కోడలిని వెడలగొట్టుచున్నదని యామెకు తెలిసెను. లేచి పిలువకయే తలుపు త్రోసికొని లోనికి పోయెను.

"ఒరే ఎర్రీ, పేరు సెప్పరా."

"నువ్వే ఒద్దన్నావు గదమ్మా."

"నేనే సెప్పమంతన్నాను. నోరు తెరిసి పిలు."

"నువ్వేడుత్తావు."

"ఏడిత్తే ఏడిత్తాను. నీ పెల్లాం ఎల్లిపోతే ఎవులేడుత్తారు? పిలవరా నాయినా. నా పేరెట్టి పిలు."

ఎర్రునాయుడు కండ్లు మూసికొని "పైడితల్లీ!" యని కేకవేసెను.

"ఆఁ" యని యిరువురు స్త్రీ లేకకాలమున పలికిరి.

పలికిన పిదప కోడలు నోటికి చేయి యడ్డముపెట్టుకొనెను. వృద్ధురాలు కుర్చీ పట్టుకొని నిలిచెను. ఏండ్లతరబడి గొంతులో నడ్డుపడియున్న మారుపలుకు బయటికి వచ్చినది గాని పిలిచిన గొంతు వేరు. దుబాసి పకపక నవ్వి యత్తకోడండ్లది యొకే పేరనియు తల్లిపేరు కొడుకు నోట రాదనియు విన్నవించెను. అధికారిణి నవ్వలేదు. వృద్ధురాలి గుర్తింపుచీటి నడిగి తీసికొని పేరు రెండుమారులు చదివి మూసిన కాగితములు మరల తెరచి యేమో వ్రాసి, నిర్ణయము తరువాత తెలియజేయుదుమని పంపివేసెను.

ఆ తరువాత నిరీక్షణము మునుపటి భయముకంటె ఘోరమయ్యెను. కోడలు సంచిని ఖాళీచేయనొల్లక గుమ్మముప్రక్కనే యుంచి యందుండియే చీర తీసి కట్టుకొని యుతికి యారవేసి మడచి మరల నందే పెట్టుచుండెను. వీధిలో మోటారు చప్పుడైనచో నత్తగారు చేటలోని బియ్యమును విడిచి లేచుచుండెను. రాత్రులు కోడలు నిద్రించుచున్నదో లేదో యని వచ్చి తాకి చూచి పోవుచుండెను.

వానలు వెనుదిరిగిన పిమ్మట హక్కు లభించినదని తెలిసెను. ఎర్రునాయుడు లారీ బాకా మ్రోగించుచు వచ్చి వాకిటనుండియే "పైడితల్లీ!" యని పిలిచెను. ఈసారి వృద్ధురాలు పలుకలేదు. పలుకు మని కోడలికి సైగచేసెను. కోడలు సంచిని బోర్లించి చీరలన్నియు బీరువాలో సర్ది చెంబును పొయ్యిగట్టుపై నుంచెను.

కొన్నాళ్ల కొక వేకువ నత్తగారు "ఆ సంచి ఇలాగియ్యే" యని యడిగెను.

"ఎందుకత్తా?"

"ఊరెల్తాను. ఆయన ఊరు. ఎవులైనా సూసినోల్లుంటారు."

"ఇన్నాల్లూ ఎల్లనిదానివి ఇప్పుడేటత్తా?"

"ఇంట్లో పైడితల్లుండాలన్నాడే ఆయన. అందుకే కదల్నేదు. ఇప్పుడు నువ్వున్నావు గదా. నిన్నెవులూ ఎల్లగొట్టలేరు."

తాను గెలిచి తెచ్చుకొనిన హక్కే యీ ముసలిదాని కాలికట్లు విప్పినదని కోడలికి తెలిసెను. అయినను సంచి తెచ్చి తానే సర్దెను, ఇత్తడిచెంబును అందే పెట్టెను.

"ఎప్పుడొత్తావత్తా?"

"నెల్లో ఒచ్చేత్తాను" అనెను వృద్ధురాలు.

ఆ మాట యెక్కడిదో కోడలెరుగును. ఆమె గడప పట్టుకొని నిలిచెను. అత్తగారు లారీ యెక్కి కూర్చుండి వెనుదిరిగి "పైడితల్లీ! ఇల్లు జాగర్త" యని కేకవేసెను. ఆమె తన పేరుతో కోడలిని పిలుచుట యదియే మొదలు. కోడలు "ఆఁ" యని పలికెను. లారీ కొబ్బరిచెట్లనడుమ తిరిగి కనుమరుగయ్యెను.

సింహాద్రి వేయితొమ్మిదివందల డెబ్బదవ సంవత్సరము మాఘమాసమున వెడలెను. తిరిగి రాలేదు. పెద్ద పైడితల్లి రెండువేల యైదవ సంవత్సరము చైత్రమాసమున వెడలెను. ఆమెయు తిరిగి రాలేదు.