పచ్చి తీగ

నిచ్చెన మీద నిలబడి ఎండిన తీగను గోడ నుంచి ఒలుస్తున్నాడు తీగలాయన. ఇటుక గోడలకు పాకిన తీగలు తీయడమే పని కనుక అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిచింది భార్య ఒక్కతే. ఆమె పోయాక ఆ పేరుతో అతనికీ అవసరం పడలేదు. "ఊళ్లో గోడలన్నిటికీ గడ్డం గీస్తావు, నీ గడ్డం సంగతేమిటి?" అని వెక్కిరించేది. ఆ గడ్డం ఇప్పుడు గుండెల దాకా దిగింది.

పచ్చి తీగను లాగకూడదన్నది అతని నియమం. లాగితే వేళ్లతోపాటు ఇటుకల మధ్య సున్నమూ ఊడివస్తుంది. ముందు నేల దగ్గర తీగ మొదలు నరకాలి, ఎండేదాకా ఆగాలి, ఆ తర్వాతే ఒలవాలి. కొన్ని వారాల కిందట ఈ ఇంటి దగ్గరా అలాగే నరికి వెళ్లాడు. ఇవాళ వచ్చి చూస్తే గోడంతా తీగ ఎండి గలగలలాడుతోంది. మేడమీది కిటికీ చుట్టూ మాత్రం ఆకులు నవనవలాడుతున్నాయి. మొదలు లేని తీగ ఏం తాగి బతుకుతోందో అతనికి అంతుపట్టలేదు.

ఆ కిటికీ వెనక మంచంలో ఇంటావిడ అత్తగారు ఉంది. ఆ ఆకులు ఉన్నంతకాలమే తానూ ఉంటానని ముసలావిడ అంటూ ఉండేదట. కోడలు పొద్దున్నే ఆ సంగతి చెప్పి, తీగ పట్టిన తడికి గోడ ఉబ్బిపోతోందని, చాదస్తం కోసం ఇల్లు కూల్చుకోలేం కదా అని, కళ్లు తుడుచుకుంది. తీగలాయనకు ఇద్దరి మీదా జాలి వేసింది. అయినా కూలికి వచ్చినవాడు ఎవరి పక్షాన మాట్లాడతాడు?

మబ్బు పట్టింది. పిడికెడు పచ్చదనం కోసం మళ్లీ రావడమెందుకని, నియమాన్ని గట్టున పెట్టి లాగాడు. తీగ రాలేదు. కిటికీ సందులోంచి లోపలికి పోయిన కొస బిగిసిపోయి ఉంది. పట్టు సడలిస్తే, అది మెల్లగా లోపలికి జరిగింది.

"నెమ్మది నాయనా," అంది లోపలి నుంచి ఒక గొంతు. "వేళ్లు వదిలెయ్."

తీగలాయనకు ఆ మాటకు ఒకటే అర్థం తెలుసు. "వేళ్లు వదిలితే మళ్లీ పాకుతుందమ్మా. కాస్త ఓర్చుకోండి," అని రెండు చేతులా గట్టిగా లాగాడు.

వచ్చేసింది. ఒక్క ఇటుకా కదలలేదు. తృప్తిగా కిందికి దిగేసరికి కోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తయ్యగారు పోయారు," అంది చిన్నగా. "ఇప్పుడే."

"ఇప్పుడేగా నాతో మాట్లాడారు! వేళ్లు వదిలెయ్యమన్నారు."

ఆమె అతన్ని వింతగా చూసింది. "పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆవిడకి మాట లేదు."

చేతికీ ఉండేవి వేళ్లేనని అతనికి అప్పుడు తట్టింది. ఆసుపత్రిలో భార్య చేతిలోంచి తన చెయ్యి విడిపించుకోవడానికి ఆమె వేళ్లను ఒక్కొక్కటే తీసిన రోజు గుర్తొచ్చింది. నిచ్చెన కూడా తీసుకోకుండా వీధిలోకి నడిచాడు.

గోడ పక్కన పడి ఉన్న పచ్చి తీగ కొసన, బక్కచిక్కిన వేలి నుంచి జారిపోకుండా దారం చుట్టిన ఉంగరం ఒకటి ఇరుక్కుని ఉంది.