రెండో బ్రేకు

డ్రైవింగ్ మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరి బండి ఎక్కినా సరే, ముందు ఏదైనా అడ్డొస్తే చాలు, ఆయన కుడికాలు నేలను తొక్కుతుంది. టాక్సీలో తొక్కుతుంది, బస్సులో తొక్కుతుంది. ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు సినిమాలో కారు లోయ అంచుకు పోయినా తొక్కుతుంది. "నేల అరిగిపోతోంది, చెప్పులైనా విప్పి తొక్కండి" అని భార్య నవ్వేది. అందులో ఆయన తప్పేమీ లేదు. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునే మనిషి తడబడితే దాన్ని మాస్టారు తొక్కాలి. సగం జీవితం ఆయన ఆ పక్క సీట్లోనే కూర్చుని, పరాయివాళ్ళ భయాన్ని తన కాలితో ఆపుతూ వచ్చాడు.

ఇప్పుడు బాలల కోర్టు వరండాలో కూర్చున్నాడు. బెంచీకి ఒక కోడు పొట్టి. ఎవరు కదిలినా అందరూ ఒరుగుతున్నారు. ఒక చివర భార్య, ఆమె పక్కన ఆమె తమ్ముడు, ఈ చివర మాస్టారు, ఆయన పక్కన పదహారేళ్ళ కూతురు. పొద్దున్నుంచి పేరు పిలుస్తారని కూర్చున్నారు. పిలవలేదు. లోపలి నుంచి పాత కాగితాల వాసన, ఎవరో ఎవరినో విసుగ్గా కసురుకుంటున్న గొంతు వస్తున్నాయి.

ఆ పిల్ల నోరు మూతపడేది కాదని చిన్నప్పుడే "గిలక" అని పేరు పెట్టారు. ఇప్పుడా గిలక మోగడం మానేసి నెల దాటింది.

నెల కిందట గిలక పక్క వీధిలోని స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్ళింది. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. ఎవరి అన్నయ్యో తెచ్చిన సీసాలున్నాయి. కూల్‌డ్రింకులో కలిపి ఇస్తే వద్దనలేక తాగింది, తర్వాత అడిగి మరీ తాగింది. సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, ఒక స్నేహితురాలిని దింపి వస్తానని తమ ఇంటి సందులో ఉన్న నాన్న డ్రైవింగ్ స్కూలు కారు తీసింది. కారు నెత్తిన నేర్చుకునేవాళ్ళ ఎర్ర బోర్డు అలాగే ఉంది. ఆ పిల్లను దింపి ఒంటరిగా తిరిగి వస్తూ, మలుపు దగ్గర రోడ్డు దాటుతున్న చెప్పుల షాపు గుమాస్తాను గుద్దింది. ఆయన ప్రాణం దక్కింది గానీ తొడ ఎముక విరిగింది. పోలీసులు పిల్ల చేత గొట్టంలో ఊదించారు. ఆ తర్వాత ఎవరికీ వాదించడానికి ఏమీ మిగల్లేదు.

మిగిలింది తాళం ఒక్కటే.

లాయరు ఆ సంగతి వాళ్ళకు విడమరిచి చెప్పి ఉన్నాడు. లైసెన్సు వయసు రాని పిల్ల తాగి నడిపినందుకు కోర్టు చెప్పిన చోట సేవ చెయ్యాలి, ఇరవై అయిదేళ్ళు నిండేదాకా లైసెన్సు మాట ఎత్తకూడదు. అది ఎలాగూ తప్పదు. కానీ పిల్ల చేతికి బండి ఎలా వచ్చిందన్నది కోర్టు తప్పకుండా అడుగుతుంది. తండ్రే తాళం ఇచ్చాడని తేలితే కేసు ఆయన మీద కూడా పడుతుంది, నేర్పే పర్మిటు పోతుంది. చెప్పకుండా తీసుకుపోయిందంటే స్కూలు నిలబడుతుంది, పిల్ల కాగితాల్లో దొంగతనం అన్న మాట ఒకటి చేరుతుంది. "పిల్లల ఫైళ్ళు పెద్దయ్యాక మూసేస్తారండీ, ఎవరూ తెరిచి చూడరు" అన్నాడు లాయరు, అల్మరా తలుపు వేసినంత తేలిగ్గా.

స్కూల్లో సగం బావమరిదిది. పొద్దుటి బ్యాచి అతనిది, సాయంత్రం బ్యాచి మాస్టారిది. అంతకు ముందు అతను చెయ్యని పని లేదు, ఏదీ నిలవలేదు. పెళ్ళయ్యాక మనిషిని నిలబెట్టింది ఈ స్కూలే. అందుకని వారం రోజులుగా బావ వెంట నీడలా తిరుగుతున్నాడు.

"బావా, నువ్వు అబద్ధం ఆడొద్దు. నేనివ్వలేదు అను. అంతే కదా."

"అదే కదరా అబద్ధం."

"చిన్నదే కదా."

"గుమాస్తా కాలు కూడా ఒక్కచోటే విరిగింది" అన్నాడు మాస్టారు.

భార్యను అడిగితే "మీ ఇష్టం" అంది. ఆ ఇంట్లో ఆ మాటకు ఆయన ఇష్టం అన్న అర్థం ఏనాడూ లేదు. ఈసారి మాత్రం ఆమెకే ఏం కావాలో తెలియక అన్నట్టుంది.

జరిగింది ఇదీ. ఆ మధ్యాహ్నం మాస్టారికి నడుం పట్టేసింది. కారు స్కూలు ముందు ఉండిపోయింది. "గిలకా, బండి తెచ్చి మన సందులో పెట్టమ్మా" అని తాళం ఆయనే ఇచ్చాడు. పిల్ల తెచ్చి పెట్టింది, తాళం తన సంచిలోనే ఉండిపోయింది, ఆయన అడగలేదు. అడగడం ఎందుకు? పదమూడో ఏటి నుంచీ నేర్చుకునే మైదానంలో దాని చేత నడిపిస్తూనే ఉన్నాడు. రివర్సులో బెదిరే పెద్ద పెద్ద ఆఫీసర్లను పక్కన నిలబెట్టి, "మా పిల్లను చూడండి సార్" అని గీతల మధ్య వెనక్కి పెట్టించి చూపించేవాడు. వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు పిల్ల కంటే ఆయనకే ఎక్కువ ఇష్టం.

మధ్యాహ్నం దాటాక అక్కా తమ్ముడూ మంచినీళ్ళ కోసం వెళ్ళారు. బెంచీ ఇటు ఒరిగింది.

"నాన్నా, దొంగతనమనే చెప్పు" అంది గిలక, నేల చూస్తూ. "మామయ్య ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నాకేం కాదు."

మాస్టారు ఒరిగిన బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"ఇంకోటి చెప్పనా? పోలీసులకి చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు."

"చెప్పు."

"ఆయన నాకు కనిపించాడు నాన్నా. దూరం నుంచే కనిపించాడు. రోడ్డు దాటుతున్నాడని తెలుస్తూనే ఉంది. నేను బ్రేకు తొక్కలేదు." గోరుతో బెంచీ అంచు గీకింది. "నువ్వు తొక్కుతావనుకున్నా."

ఆయన ఆ పిల్ల ముఖం వంక చూడలేకపోయాడు. మందు తలకెక్కి పక్క సీటు ఖాళీగా ఉందన్న సంగతి మరిచిపోయింది. ఆ సీటు ఎప్పుడు ఖాళీగా ఉంది గనక? మైదానంలో కుక్క అడ్డొచ్చినా, బంతి దొర్లి వచ్చినా, పిల్ల కాలు కదిలేలోపే తన కాలు కదిలేది. బండి మెత్తగా ఆగేది. ఎంత బాగా ఆపుతోందో అని మురిసిపోయేవాడు. అలా ఆపినవాటిల్లో దానివి ఎన్నో, తనవి ఎన్నో ఎప్పుడూ విడదీసి చూడలేదు. ఊళ్ళో వాళ్ళందరికీ చివరి రోజున ఒక మాట చెప్పి పంపేవాడు: ఇక పక్కన నేనుండను, మీ కాలే మీకు దిక్కు. ఇంట్లో పిల్లకు ఆ చివరి రోజు రానే లేదు.

"తాగడం నీ తప్పు. తాగి బండెక్కడం నీ తప్పు. వాటిల్లో నాకు వాటా లేదు" అన్నాడు చివరికి. గొంతులో కోపం కూడా లేదు, అలసిపోయి ఉంది. "దొంగతనం మాత్రం నువ్వు చెయ్యలేదు."

అప్పుడే పేరు పిలిచారు.

గది చిన్నది. జడ్జిగారు అమ్మమ్మ వయసు మనిషి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. లాయరు లేచి, తండ్రికి తెలియకుండా బండి బయటికి వెళ్ళిందని మొదలుపెట్టాడు. ఆమె చేయెత్తి ఆపి, ఆయన్నే చెప్పనివ్వండి అంది. ఇంట్లో తాళం ఎక్కడ పెడతారని అడిగింది. తలుపు పక్కన మేకుకు అన్నాడు మాస్టారు. ఆ రోజు కూడా మేకుకే ఉందా అని అడిగింది. వెనకాల బావమరిది దగ్గాడు.

"లేదండీ. నేనే ఇచ్చాను" అన్నాడు మాస్టారు. "ఆ ఒక్కరోజే కాదు. మూడేళ్ళుగా నేనే ఇస్తున్నాను."

ఆ తర్వాత మైదానం సంగతి, చప్పట్ల సంగతి, నడుం నొప్పి సంగతి వరసగా చెప్పేశాడు. ఎక్కడా ఏడవలేదు, బతిమాలలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. జడ్జిగారు రాసుకుని, ఇది నిజమేనా అని పిల్లను అడిగింది.

"నిజమేనండీ. కానీ తాగమని నాన్న చెప్పలేదు. అది నేనే."

నెల రోజుల్లో ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

తీర్పు వినడానికి ఎక్కువసేపు పట్టలేదు. గిలక ప్రతి ఆదివారం పెద్దాసుపత్రి ఎముకల వార్డులో పని చెయ్యాలి, కొత్తగా నడక మొదలుపెట్టే రోగులకు చెయ్యి అందించాలి. గుమాస్తా ఉన్నది ఆ వార్డులోనే. లైసెన్సు సంగతి లాయరు ముందే చెప్పినట్టే అయింది. మాస్టారి కేసు పెద్దల కోర్టుకు వెళ్తుంది, నేర్పే పర్మిటు ఈ రోజు నుంచే ఆగిపోయింది.

బయటికొచ్చాక బావమరిది చాలాసేపు స్కూటరు తాళంతో ఆడుకుంటూ నిలబడ్డాడు.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందని విన్నాను బావా. పడ్డాక మెడకి రాయి కట్టుకున్న బల్లిని ఇప్పుడే చూశా."

"నీ బతుకు కూడా ముంచానురా."

"ముంచావు" అన్నాడతను. అబద్ధం చెప్పే ఓపిక అతనికీ లేదు. అక్కను వెనక ఎక్కించుకున్నాడు. స్కూటరు కదిలాక మళ్ళీ ఆపి, తల తిప్పకుండా అన్నాడు: "రేపు స్కూలు మీద బోర్డు దింపాలి. నువ్వొక్కడివే నిచ్చెన ఎక్కకు. నడుం పట్టేస్తుంది."

కారు ఇంకా పోలీసు స్టేషన్లోనే ఉంది. తండ్రీకూతుళ్ళు బస్సెక్కారు. డ్రైవరు వెనక సీటు దొరికింది. ఆఫీసులు వదిలే వేళ, నిలబడ్డవాళ్ళ సంచులు ముఖాలకు తగులుతున్నాయి. మాస్టారు తల కిటికీకి ఆనించి కూర్చున్నాడు. రేపు ఏం చెయ్యాలో ఆలోచించాలి, ఆసుపత్రికి వెళ్ళి గుమాస్తాకు ముఖం చూపించాలి. ఇప్పుడు మాత్రం ఒళ్ళు ఇసుకబస్తాలా ఉంది.

మార్కెట్టు మలుపులో ఒక ముసలాయన తోపుడుబండితో అడ్డంగా వచ్చాడు. బస్సు కీచుమని ఆగింది. నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలి, డ్రైవర్ని నాలుగు తిట్లు తిట్టారు.

మాస్టారి కాలు కదల్లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి అది చాప మీద పడుకున్నట్టు అలాగే ఉండిపోయింది. తనకే వింతగా అనిపించి కిందికి చూశాడు.

పక్కన గిలక కుడికాలు ఉంది. చెప్పు మడమ లేచి, వేళ్ళు వంగి, బస్సు నేలను గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది. తోపుడుబండి రోడ్డు దాటి అవతలికి చేరేదాకా ఆ పిల్ల కాలు తియ్యలేదు.