నాలుగు తీగల పెద్దమ్మ

దుప్పటి అంచులు సరిచేసి, ఇస్త్రీ యంత్రం మూత దించింది ఆమె. ఆవిరి బుస్సుమంది. ఆ తెల్లటి మబ్బు విడిపోయేలోగా ఎడమచేతి వేళ్లు బల్ల అంచు మీద పరిగెత్తాయి. పైకి ఎగబాకాలి, చటుక్కున జారాలి, మళ్లీ ఊపులో కలిసిపోవాలి. ప్లాస్టర్ చుట్టిన చిటికెనవేలు ఎప్పట్లాగే వెనకబడింది.

"ఏంటక్కా, బల్ల మీద వీణ వాయిస్తున్నావా?" దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి నవ్వింది.

"వీణ కాదే, దాని పెద్దమ్మ. కాస్త బొంగురు గొంతు."

తమ్ముడు బ్యాండు మానేసి వదిలేసిన నాలుగు తీగల బేస్ గిటారు అది. దాంతోపాటే అమెరికా దక్షిణాది రాక్ పాటల పాత క్యాసెట్లు. మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మిగతా గిటార్లన్నీ ఎగిరెగిరి పడుతుంటే అడుగున ఒక్కటి మట్టిదారిన బండిలా నిబ్బరంగా సాగిపోవడం ఆమె చెవిని పట్టేసింది. పెళ్లయింది, మంచాన పడ్డ అత్తగారికి సేవ చేసింది, లాండ్రీలో నిలబడి ఊరందరి పక్కదుప్పట్లూ చదును చేసింది. "ఈ వయసులో ఇదేం పిచ్చే?" అన్నవాళ్లకు నవ్వే జవాబు. ఒక్కో పాటా లొంగింది. ఒక పాట నడుమ, వేళ్లు ఎగబాకి జారాల్సిన ఆ మలుపు మాత్రం కొరకరాని కొయ్య.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని, గిటారు ఒళ్లో పెట్టుకుని ఆంప్లిఫయర్ ఆన్ చేసింది. మంచం మీద నడుం వాల్చిన భర్త లారీ ఇంజన్ల పక్కనే బతికి చెవులు పోగొట్టుకున్నవాడు. పాట వినలేడు, ఆ మోతకు అదిరే మంచం కోడు పట్టుకుంటాడు. అదురు ఆగిందంటే ఆమె తప్పిందని అతని లెక్క.

ఇవాళ అదురు ఎగబాకింది. జారింది. ఆగలేదు. ఒడ్డు తెలిసిన నీరులా అతని అరచేతిలోంచి మెల్లగా పారుతూ పోయింది.

"తప్పలేదే!" అని అరిచాడు. "ఈసారి తప్పలేదు!"

ఆమె తలెత్తి నవ్వింది. పెదాలు కదిలాయి. "ఉండు, ఇంకోసారి."

సగంలో అదురు ఆగింది. తప్పిందేమో, మళ్లీ మొదలుపెడుతుందిలెమ్మని కళ్లు మూసుకుని కోడు పట్టుకునే ఉన్నాడు. అలాగే కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి కిటికీ ఎండ నేల దాటి గోడ ఎక్కింది. ఆమె తల గిటారు మీదికి వాలి ఉంది. చల్లబడిపోయిన భుజం తాకి పిలిచాడు. తన పిలుపు తనకే వినపడలేదు.

వచ్చినవాళ్లు ఆమెను తీసుకెళ్లాక ఆంప్లిఫయర్ ఆపబోయాడు. దాని అంచున, తీగ నేరుగా తగలాలని ఆమె చిటికెనవేలి నుంచి ఒలిచిపెట్టిన ప్లాస్టర్ తొడుగు, ఇంకా వేలంత గుండ్రంగా, ఖాళీగా నిలబడి ఉంది.