పెదవికి పోయే నరం

ఆ పొద్దు చిత్తూరు మీద మబ్బు కమ్ముకొని ఉంది. కురవదు, విడిపోదు. తూర్పున ఒక్కచోట పలచబడి, పాలలో చిటికెడు పసుపు కలిపినట్టు వెలుగు కనబడి, మళ్ళీ మూసుకుపోయింది. ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకొని కుప్పమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. పక్కన మొగుడు వరదయ్య తల వంచుకొని, ఎడమ చెవి కింద గడ్డను బొటనవేలితో తడుముకుంటున్నాడు. ఇంకాసేపటికి అది ఉండదు. దాంతోపాటు ఇంకేం పోతుందో ఎవరికీ తెలియదు.

వరదయ్య కంసాలి. పుత్తూరుకు రెండు కోసుల దూరంలో ఊరు. గడ్డ మొదట చింతగింజంత ఉండేది. ఎనిమిదేండ్లలో నిమ్మకాయంత అయింది. నొప్పి లేదని ఊరుకున్నాడు. నడుమ ఊళ్ళో ఒక పెద్దాయన వాత పెట్టాడు. గడ్డ తగ్గలేదు, మచ్చ మాత్రం మిగిలింది. ఈ ఏడు అది జోరుగా పెరుగుతుంటే బొగ్గుతో నడిచే బస్సెక్కి ఇక్కడికి వచ్చారు.

ముందురోజు చెంగల్రాయుడు డాక్టరు ఆ మచ్చను చూసి అడిగాడు.

"ఈ వాత పెట్టిన మహానుభావుడు యాడుండాడు?"

"సచ్చిపోయినాడు సామీ."

"మంచి పని చేసినాడు. చర్మం గడ్డకు అంటుకొని ఉండాది. నా పని కష్టం చేసి పోయినాడు."

తర్వాత ఆయన తన ఎడమచేతి వేళ్ళు విప్పి వరదయ్య చెంప మీద ఆనించాడు. "ఇది ఎంగిలి ఊరే గ్రంథి. దీని నడుమ ఒక నరం పోతుంది. ఈ వేళ్ళ మాదిరి చీలిపోతుంది. ఒక చీలిక కంటికి, ఒకటి పెదవికి. అది తెగితే ఈ పక్క ముఖమంతా జారిపోతుంది."

"ఎంత లావుంటాది సామీ?"

"చీలికలు దారమంత."

దారమంత తీగె వరదయ్యకు తెలుసు. అలాంటిది లాగుతూనే ఇరవై ఏండ్లు బతికాడు. "కంటిది పోతే పోనీ సామీ, పెదవిది ఉండల్ల. నోట్లో ఊదుగొట్టం నిలవకపోతే మా పొయ్యిలో పిల్లి లెయ్యదు."

"బేరాలాడే సోటా ఇది? కన్ను మూతబడకుంటే, నిప్పురవ్వ ఎగిరినప్పుడు ఏం చేస్తావు? రెండూ కావాల."

వరదయ్య సరేనని తల ఊపాడు.

ఇప్పుడు తలుపు తెరుచుకొని నర్సు సంతోషమ్మ వచ్చింది. కుప్పమ్మ ముఖం చూసి పక్కన కూర్చుంది.

"భయపడొద్దక్కా. ముఖం కప్పకుండా వదిలేస్తారు. మీ ఆయన మూతి చూస్తా కూర్చునేదే నా పని. డాక్టరు కత్తి నరం దగ్గరికి పోతే పెదవి అదురుతాది. అదిరితే నేను చెప్పల్ల, ఆయన ఆగల్ల."

"పదహైదేండ్లుగా నేను చేస్తా ఉండేదీ ఆ పనే కదమ్మా," అంది కుప్పమ్మ.

సంతోషమ్మ నవ్వింది. కుప్పమ్మకు నవ్వు రాలేదు. వరదయ్య లేచి, పైపంచె మడిచి ఆమె ఒళ్ళో పెట్టి లోపలికి పోయాడు. ఆ పంచె మడత విప్పకుండా ఆమె మధ్యాహ్నం దాకా పట్టుకొని కూర్చుంది.

సాయంత్రానికి మత్తు విడిచింది. డాక్టరు మంచం దగ్గరికి వచ్చి కండ్లు మూయమన్నాడు. రెండూ మూతబడ్డాయి. పళ్ళు చూపమన్నాడు. కుడిపక్క పెదవి కదిలింది. ఎడమ కొన వెనకబడింది. ఊదమన్నాడు. గాలి ఆ కొనలోంచి తుస్సుమంది.

వరదయ్య డాక్టరును చూశాడు. కుప్పమ్మ వరదయ్యను చూసింది.

"నరం తెగలేదు," అన్నాడు డాక్టరు. "కడపటి కుట్టు దాకా పెదవి అదురుతానే ఉండాదని సంతోషమ్మ చెప్పింది. వాత మచ్చ నుంచి విడదీసేటప్పుడు నరం కొంచెం సాగింది. బాగయ్యేదానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. రోజూ అద్దం ముందర పెట్టుకొని ఊదు. గాయం మానేదాకా నమలొద్దు, పులుపు నాలిక మీద పెట్టొద్దు. గంజి, పాలు, అంతే."

కుప్పమ్మ ఆ మాటను కొంగుకు ముడేసుకుంది. అయిదోరోజు వరదయ్య తల్లి సుబ్బులమ్మ చిన్న జాడీతో వచ్చింది. మూడేండ్ల కిందటి చింతకాయ తొక్కు. జ్వరం పడి లేచినవాళ్ళకూ, బాలింతకూ ఆ ఇళ్ళలో మొదటి ముద్దలో పెట్టేది అదే.

"పులుపు వద్దన్నారత్తా," అంది కుప్పమ్మ.

"పాత తొక్కు పులుపంటారా యాడన్నా? అది మందు. అయిదు దినాలుగా ఉత్త గంజి తాగి వాడి నోరు చెక్కయిపోయింటాది."

అది కుప్పమ్మకూ నిజమే అనిపించింది. తనను కన్నప్పుడూ తన తల్లికి పెట్టింది అదే. శెనగగింజంత తొక్కు గంజిలో కలిపి ఇచ్చింది. వరదయ్య కండ్లలో అయిదు రోజులకు మొదటిసారి కళ వచ్చింది. రెండో గుక్కకే నోరూరింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి చెవి కింద కట్టు తడిసింది. రక్తం కాదు, చీము కాదు. నీళ్ళలా తేటగా మెడ మీదికి దిగుతోంది.

సంతోషమ్మ పరుగెత్తుకొచ్చి, గిన్నె ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన తిట్టలేదు.

"గ్రంథిలో కొంత మిగిలుండాది. పులుపు తగిలితే అది ఎంగిలి ఊరిస్తుంది. దానికి నోట్లోకి దారి లేదు, గాయంలోంచి వస్తుంది. అట్లే వదిలేస్తే చెంపకు బెజ్జం నిలిచిపోతుంది. బతికినన్నాళ్ళూ తిన్నప్పుడల్లా కారతానే ఉంటుంది." తల చుట్టూ, దవడ కిందుగా గట్టిగా కట్టు బిగించాడు. "మీ పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టిన కట్టు మధ్యలో విప్పుతారా?"

"విప్పరు సామీ," అంది కుప్పమ్మ.

"ఇదీ అంతే. తొమ్మిది దినాలు."

సుబ్బులమ్మ జాడీని కొంగు కింద దాచుకొని అవతలి మెట్టు మీద కూర్చుంది. కట్టులో బిగిసిన వరదయ్య మాట్లాడలేడు. పెండ్లాం వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెకు ముల్లయింది. గంటకొకసారి వేళ్ళ వెనకవైపుతో కట్టు తడిమి చూసేది. మూడోరోజుకు తడి తగ్గింది. తొమ్మిదోరోజుకు పొడిగా ఉంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఇంకొక మాట చెప్పాడు. "కొన్నాళ్ళు పోయినాక కొందరికి అన్నం తినేటప్పుడు ఆ చెంప మీద చెమట పోస్తుంది. అది ఎంగిలి కాదు, చీము కాదు, ఉత్త చెమట. భయపడి మళ్ళా వాత పెట్టించేరు!"

ఇంట్లో రోజూ పొద్దున్నే వరదయ్య ఆముదం దీపం వెలిగించి, అద్దం ఆనించి, ఊదుగొట్టం నోట్లో పెట్టుకునేవాడు. గాలి ఎడమ కొనలోంచి జారిపోయేది. మంట పక్కకు వంగి నిలిస్తేనే అతుకు పని; అది ఊగి ఊగి నిటారుగా నిలబడేది. వేలితో ఆ కొన అదిమి మళ్ళీ ఊదేవాడు. కుప్పమ్మ వాకిట్లో కూర్చొని చేటలో రాగులు చెరుగుతున్నట్టే ఉండేది. ఆ రాగులు ఎన్నిసార్లు చెరిగిందో ఆమెకే తెలియదు.

పక్కింటి మునస్వామి తొంగి చూసేవాడు. "ఏమప్పా వరదయ్యా, మూతి ఒక పక్కకు పెట్టినావు, నా మింద కోపమా?"

"నీ మింద కోపమైతే రెండు పక్కలా పెడతాను పో."

ఆ జవాబు ఆశ్వయుజంలో తడబడింది. పుష్యం నాటికి తేటగా వచ్చింది. కానీ మంట మాత్రం వంగలేదు.

మాఘమాసంలో ఒకనాడు చేట చప్పుడు ఆగింది. వరదయ్య వేలు పెదవి మీద లేదు. మంట పక్కకు వంగి, సూదిలా సన్నబడి, అలాగే నిలిచింది. అతను చెయ్యి చాపాడు. "నీ కమ్మ కొక్కి విరిగింది కదమ్మే, ఇట్లా తే." అతుకు పెట్టి, చల్లార్చి, ఆమె అరచేతిలో వేశాడు.

ఆ మధ్యాహ్నం కుప్పమ్మ నాలుగు నెలలకు మొదటిసారి చింతపులుసు కాచింది. డాక్టరు పులుపు తినొచ్చన్నది ఎప్పుడో. చెయ్యి రాక ఆగింది. సంగటి ముద్దలు పెట్టి, పులుసు పోసి, ఎదురుగా కూర్చుంది. అత్త అవతలి పక్క కూర్చుంది. వరదయ్య ముద్ద ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

ఎడమ చెంప మీద, మచ్చకు ముందర, చిన్న చిన్న నీటి చుక్కలు పుట్టాయి.

కుప్పమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. లేచి, దగ్గరికి పోయి, వేళ్ళ వెనకవైపుతో తాకింది. కుట్టు గీత పొడిగా ఉంది. చుక్కలు చర్మమంతా ఉన్నాయి, ఒక్కచోటి నుంచి కాదు. చెమట. సుబ్బులమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. కుప్పమ్మ కొంగుతో ఆ చెంప తుడిచి, వచ్చి తన చోట కూర్చుంది.

వరదయ్య రెండో ముద్ద ముంచాడు. ముగ్గురూ తల వంచుకొని తిన్నారు. చెమట మళ్ళీ పుట్టింది. కుప్పమ్మ ఇంకో గరిటె పులుసు పోసింది.